ఆరో తరగతి దాటిన స్పానిష్

టెక్సస్ ప్రభుత్వ బడుల్లో ఏటా జరిగే రాష్ట్ర పరీక్షకు ఇంగ్లిష్ ప్రశ్నపత్రంతో పాటు స్పానిష్ ప్రశ్నపత్రం కూడా ఉంటుంది. ఇంగ్లిష్ ఇంకా పట్టుబడని పిల్లలకు రెంటిలో ఏది ఇవ్వాలో బడిలోని కమిటీ తేలుస్తుంది. అయితే ఈ వెసులుబాటు మూడో తరగతి నుంచి ఐదో తరగతి వరకే. ఆరో తరగతిలో స్పానిష్ పత్రం లేదు. రాష్ట్ర చట్టం కూడా ఇదే దారిలో నడుస్తుంది. ఒక జిల్లాలో ఒకే తరగతికి చెందిన, ఒకే ఇంటిభాష ఉన్న, ఇంగ్లిష్ సరిగా రాని పిల్లలు ఇరవై మంది తేలితే ప్రాథమిక తరగతుల్లో ద్విభాషా బోధన పెట్టి తీరాలి. ప్రాథమిక దశ దాటాక ఎనిమిదో తరగతి వరకు ద్విభాషా బోధన పెట్టినా సరే, ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్పే తరగతితో సరిపెట్టినా సరే. సరిపెట్టుకోవచ్చని చట్టమే చెప్పాక జిల్లాలు ఏం చేస్తాయో ఊహించడం కష్టం కాదు.

ఐదుకూ ఆరుకూ మధ్య ఉన్న ఈ గీత గురించే ఈ అధ్యాయం. టెక్సస్ చట్టంలో ఉన్నంత బాహాటంగా కాకపోయినా, ఈ గీత అమెరికాలో చాలాచోట్ల ఉంది. దీనికి ఎదురుగా మరో సంగతి ఉంది. రెండు భాషల చదువు మీద జరిగిన నమ్మదగ్గ పరిశోధనలు కొన్ని ఒకే మాట చెబుతున్నాయి. ఆ చదువు లాభం చిన్న తరగతుల్లో సరిగా కనపడదు. ఒక్కోసారి నష్టం జరుగుతున్నట్టే ఉంటుంది. లాభం బయటపడేది ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో. అంటే మిడిల్ స్కూల్లో. సరిగ్గా అక్కడే పథకం పలచబడుతుంది.

ముందుగా డ్యూయల్ లాంగ్వేజ్ బడి అంటే ఏమిటో చూద్దాం. అది స్పానిష్ పాఠం చెప్పే బడి కాదు, స్పానిష్‌లో పాఠం చెప్పే బడి. లెక్కలు, సైన్సు, సాంఘికశాస్త్రం ఆ భాషలో నడుస్తాయి. కొన్ని బడుల్లో ఒకటో తరగతికి ముందు నుంచే నూటికి తొంభై పాళ్లు స్పానిష్, పది పాళ్లు ఇంగ్లిష్‌తో మొదలుపెట్టి, ఏటా కాస్త కాస్త మారుస్తూ నాలుగైదు తరగతులకు చెరి సగం చేస్తారు. కొన్ని బడుల్లో మొదటి రోజు నుంచే చెరి సగం. తరగతిలో ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలు దాదాపు సమానంగా ఉంటే దాన్ని ‘టూ వే’ అంటారు. పొద్దున పూట ఒకరు రెండోవారి భాషలో తడబడితే, మధ్యాహ్నం పూట రెండోవారి వంతు.

ఈ పద్ధతి అమెరికా ప్రభుత్వ బడుల్లోకి 1963లో మయామీ నగరంలోని కోరల్ వే పాఠశాలతో వచ్చింది. 1959 క్యూబా విప్లవం తర్వాత దేశం వదిలి వచ్చిన కుటుంబాలతో అప్పటికి మయామీ నిండి ఉంది. వచ్చినవాళ్లలో డాక్టర్లు, లాయర్లు, బడిపంతుళ్లు ఎందరో ఉన్నారు. కాస్ట్రో ప్రభుత్వం ఎన్నాళ్లో నిలవదని, తాము తిరిగి వెళ్లిపోతామని వాళ్ల నమ్మకం. వెళ్లేనాటికి పిల్లలు స్పానిష్ మరిచిపోయి ఉండకూడదు. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు ఇచ్చింది. క్యూబా నుంచి వచ్చిన టీచర్లు ఒక పూట స్పానిష్‌లో చెప్పారు, స్థానిక టీచర్లు ఇంకో పూట ఇంగ్లిష్‌లో చెప్పారు. కాస్ట్రో దిగలేదు, కుటుంబాలు వెళ్లలేదు, బడి మాత్రం నిలిచింది. ఇప్పుడు అక్కడ ఎనిమిదో తరగతి వరకు ఉంది.

1968లో ద్విభాషా విద్యా చట్టం మీద సంతకం చేసింది అధ్యక్షుడు లిండన్ జాన్సన్. ఆయన యువకుడిగా 1928లో టెక్సస్‌లోని కొటుల్లా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ పిల్లల బడిలో టీచరుగా పనిచేశాడు. ఆటస్థలంలో కూడా స్పానిష్ మాట్లాడనిచ్చేవాడు కాదని ఆయన జీవితచరిత్ర రాసినవాళ్లు చెబుతారు. మనిషి మారాడు గానీ చట్టం మాత్రం సగమే మారింది. స్పానిష్ మాట్లాడే పిల్లవాడిని ఏదో లోటు ఉన్నవాడిగానే చూసింది. ఇంగ్లిష్ వచ్చేదాకా స్పానిష్‌తో నెట్టుకొచ్చి, వచ్చాక దాన్ని వదిలేయాలన్నది చాలా బడులు ఆ చట్టాన్ని అర్థం చేసుకున్న తీరు. 1998లో కాలిఫోర్నియా ఓటర్లు 61 శాతం మెజారిటీతో ఆ కాస్త ద్విభాషా బోధనకూ కళ్లెం వేశారు. 2016లో అదే రాష్ట్ర ఓటర్లు 73 శాతం మెజారిటీతో ఆ కళ్లెం తీసేశారు. పద్దెనిమిదేళ్లలో ఇంత మార్పు ఎలా వచ్చిందంటే, మధ్యలో ఇంగ్లిష్ మాట్లాడే మధ్యతరగతి తల్లిదండ్రులకు కూడా తమ పిల్లలకు స్పానిష్ కావాలనిపించింది. ఈ సంగతి మంచిదే అయినా దీనికి ఒక మెలిక ఉంది. ఆ మెలిక దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. లాభం ఆలస్యంగా ఎందుకు కనపడుతుంది?

కెనడాలోని టొరంటోలో వలస కుటుంబాల పిల్లల మార్కులను పరిశీలించిన జిమ్ కమిన్స్ 1979 ప్రాంతంలో ఒక తేడాను ఎత్తిచూపాడు. పిల్లలకు రెండు రకాల భాష అవసరం. ఒకటి కబుర్ల భాష, అంటే ఆటల్లో, బస్సులో, భోజనాల దగ్గర పనికొచ్చేది. ఇంకోటి చదువుల భాష, అంటే పాఠ్యపుస్తకంలో కారణాన్ని, షరతును, పోలికను, నిర్వచనాన్ని మోసేది. మొదటిది కొత్త దేశంలో సుమారు రెండేళ్లలో వచ్చేస్తుంది. రెండోదానిలో తోటి పిల్లలను అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. టీచర్లు మొదటిది విని, రెండోది కూడా వచ్చేసిందనుకుంటారు. తర్వాత మార్కులు తగ్గితే పిల్లవాడి తెలివిలోనే తేడా ఉందనుకుంటారు.

ఐదేళ్ల వయసులో బడిలో చేరిన పిల్లవాడికి ఈ ఐదు, ఏడేళ్లు కలిపి చూడండి. పది నుంచి పన్నెండేళ్లు. అంటే ఐదో తరగతి చివరి నుంచి ఏడో తరగతి దాకా. చదువుల భాష పూర్తిగా చేతికి వచ్చే వేళకు పిల్లవాడు మిడిల్ స్కూల్లో ఉంటాడు. మూడో తరగతిలో పరీక్ష పెట్టి ‘స్పానిష్‌లో చదివినవాడు ఇంగ్లిష్‌లో వెనకబడ్డాడు’ అని తేల్చేవాళ్లు సగం ఉడికిన అన్నానికి మార్కులు వేస్తున్నారన్నమాట.

కమిన్స్ చెప్పిన రెండో మాట ఇంకా ముఖ్యమైనది. ఒక భాషలో నేర్చుకున్న చదువు ఆ భాషలోనే చిక్కుకుపోదు. సాంద్రత అంటే ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించగా వచ్చేదని స్పానిష్‌లో అర్థం చేసుకున్న పిల్ల, అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో మళ్లీ అర్థం చేసుకోనక్కర్లేదు. దాని ఇంగ్లిష్ పేరు నేర్చుకుంటే చాలు. ఒక పేరాలో ముఖ్యమైన వాక్యం ఏదో కనిపెట్టడం, రచయిత చెప్పకుండా వదిలింది ఊహించడం, పట్టిక చూసి వాక్యం రాయడం, ఇవన్నీ ఒకసారి నేర్చుకుంటే రెండు భాషల్లోనూ పనిచేస్తాయి. స్పానిష్‌కు వెచ్చించిన గంట ఇంగ్లిష్ ఖాతాలోంచి తీసిన గంట కాదు. ఇది చాలామంది తల్లిదండ్రులకు మింగుడుపడని మాట. గంటలు కొలిచి చూసేవాడికి ఇంగ్లిష్‌కు సగం గంటలిస్తే సగం ఇంగ్లిషే రావాలి కదా అనిపిస్తుంది.

స్పానిష్, ఇంగ్లిష్ జంటకు అదనంగా ఒక వరం ఉంది. ఇంగ్లిష్‌లో ఇంటి మాటలు ఎక్కువగా జర్మానిక్ మూలం నుంచి వచ్చినవి, పుస్తకాల మాటలు ఎక్కువగా లాటిన్ నుంచి వచ్చినవి. స్పానిష్ లాటిన్ బిడ్డే. అందువల్ల మిడిల్ స్కూల్ సైన్సు పుస్తకంలో ఇంగ్లిష్ పిల్లవాడికి కొత్తగా కనపడే మాటలు స్పానిష్ పిల్లవాడికి ఎంతో కొంత తెలిసిన ముఖాలే. డెన్సిటీ అతనికి దెన్సిదాద్, టెంపరేచర్ తెంపెరతూరా. తెలుగు మాధ్యమంలో చదివినవాడు హిందీ భౌతికశాస్త్ర పుస్తకం తెరిచి బల్, వేగ్, త్వరణ్ చూసి కాస్త ఊపిరి పీల్చుకున్నట్టు.

కాకపోతే తెలిసిన ముఖమని పిల్లలు తమంతట తాము గుర్తుపట్టరు. 1993లో విలియం నాగీ బృందం నాలుగు నుంచి ఆరో తరగతి వరకు ఉన్న ద్విభాషా పిల్లలకు ఇంగ్లిష్ పాఠాలు ఇచ్చి, స్పానిష్‌ను పోలిన మాటలను గుర్తించమంది. తమకు స్పానిష్‌లో తెలిసిన మాటలే అయినా పిల్లలు సగానికి పైగా గుర్తించలేదు. మూడేళ్ల తర్వాత రాబర్ట్ హిమెనెస్, జార్జియా గార్సియా, డేవిడ్ పియర్సన్ కలిసి ఆరు, ఏడు తరగతుల లాటినో పిల్లలను కూర్చోబెట్టి, చదువుతున్నప్పుడు మనసులో ఏం నడుస్తోందో పైకి చెప్పించారు. ఇంగ్లిష్ బాగా చదవగలిగిన ద్విభాషా పిల్లలు కొత్త మాట తగలగానే ఆగి, స్పానిష్ వైపు వెళ్లి, అక్కడినుంచి అర్థం పట్టుకొచ్చారు. రెండు భాషల్లో చదవడం వేర్వేరు పనులని వాళ్లు అనుకోలేదు. చదవడంలో వెనకబడిన పిల్లలు మాత్రం స్పానిష్ వస్తే ఇంగ్లిష్‌కు అడ్డమని నమ్మారు. ఆ నమ్మకం వాళ్లంతట వాళ్లకు పుట్టిందని నేననుకోను.

ఇక్కడిదాకా చెప్పింది సిద్ధాంతం, కొంతమంది పిల్లల పరిశీలన. సందేహించేవాడు వెంటనే ఒక ప్రశ్న వేస్తాడు, వేయాలి కూడా. డ్యూయల్ లాంగ్వేజ్ బడికి పిల్లలను పంపేది ఎవరు? చదువు మీద శ్రద్ధ ఉన్న, నాలుగు బడులు తిరిగి కనుక్కొని దరఖాస్తు పెట్టే ఓపిక ఉన్న తల్లిదండ్రులు. వాళ్ల పిల్లలు ఏ బడిలో వేసినా బాగానే చదువుతారు. మరి ఆ మార్కుల ఘనత బడిదా, ఇంటిదా? వేన్ థామస్, వర్జీనియా కాలియర్ దంపతులు 1990ల నుంచి ఎన్నో జిల్లాల్లో లక్షల సంఖ్యలో విద్యార్థుల రికార్డులు కూడదీసి, డ్యూయల్ లాంగ్వేజ్ పిల్లలు పెద్ద తరగతుల్లో అందరినీ మించిపోతారని చూపించారు. వాళ్ల గ్రాఫులు చూడని ద్విభాషా టీచరు అమెరికాలో ఉండరేమో. అయినా ఈ ప్రశ్నకు వాళ్ల దగ్గర గట్టి జవాబు లేదు.

జవాబు ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరం నుంచి వచ్చింది, అదీ అనుకోకుండా. అక్కడ డ్యూయల్ లాంగ్వేజ్ సీట్లకు గిరాకీ ఎక్కువ. స్పానిష్‌తో పాటు జపనీస్, చైనీస్, రష్యన్ పథకాలూ ఉన్నాయి. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైనప్పుడు జిల్లా లాటరీ తీసేది. లాటరీ అంటే శాస్త్రవేత్తకు పండగే. దరఖాస్తు పెట్టిన తల్లిదండ్రులందరికీ శ్రద్ధ ఒకటే. అందులో కొందరి పిల్లలకు సీటు వచ్చింది, కొందరికి రాలేదు. తేడా చీటీలో తప్ప ఇంట్లో లేదు. కొత్త మందు పరీక్షించేటప్పుడు ఎవరికి మందు, ఎవరికి ఉత్త మాత్ర అన్నది యాదృచ్ఛికంగా తేల్చినట్టు, ఇక్కడ ఎవరికి స్పానిష్, ఎవరికి మామూలు తరగతి అన్నది చీటీ తేల్చింది.

జెన్నిఫర్ స్టీల్ నాయకత్వంలో ర్యాండ్ సంస్థ పరిశోధకులు 2004 నుంచి 2010 వరకు జరిగిన ఈ లాటరీల్లో పాల్గొన్న 1,600 మందికి పైగా పిల్లలను ఏళ్ల తరబడి వెంటాడారు. ఫలితాలు 2015లో నివేదికగా, 2017లో పరిశోధన పత్రంగా వచ్చాయి. సీటు వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ చదవడంలో ఐదో తరగతిలో సుమారు ఏడు నెలల చదువు ముందున్నారు. ఎనిమిదో తరగతికి ఆ దూరం సుమారు తొమ్మిది నెలలైంది. దాదాపు ఒక విద్యా సంవత్సరం. మళ్లీ చదవండి, ఇది ఇంగ్లిష్ పరీక్ష. రోజులో కొంత భాగం ఇంగ్లిష్ కాని భాషలో చదివిన పిల్లలు, మొత్తం ఇంగ్లిష్‌లోనే చదివిన పిల్లల కంటే ఇంగ్లిష్‌లో ముందున్నారు. లెక్కల్లో, సైన్సులో లాభం కనపడలేదు, నష్టమూ కనపడలేదు. ఆ పాఠాల్లో కొన్ని పరాయి భాషలో విన్నారని గుర్తుంచుకుంటే ‘నష్టం లేదు’ అన్నది చిన్న మాట కాదు.

స్పానిష్ ఇంటి పిల్లల సంగతి విడిగా చూడాలి. అమెరికా బడిలో చేరేటప్పుడు ఇంగ్లిష్ సరిగా రాని పిల్లవాడికి ‘ఇంగ్లిష్ లెర్నర్’ అన్న ముద్ర పడుతుంది. తగినంత ఇంగ్లిష్ వచ్చిందని తేలినప్పుడు ఆ ముద్ర తీసేస్తారు. స్టాన్‌ఫోర్డ్‌లో ఇలానా ఉమాన్‌స్కీ, షాన్ రియర్డన్ కాలిఫోర్నియాలోని ఒక పెద్ద నగర జిల్లాలో 2000 నుంచి 2012 వరకు లాటినో పిల్లల రికార్డులు చూశారు. చిన్న తరగతుల్లో ఇంగ్లిష్ మాత్రమే ఉన్న తరగతుల పిల్లలకు ఈ ముద్ర త్వరగా తొలగింది. అక్కడితో లెక్క ఆపేస్తే గెలుపు వాళ్లదే. పరిశోధకులు ఆపలేదు. పిల్లలు పెద్ద తరగతులకు వెళ్లేకొద్దీ రెండు గీతలు ఒకదానినొకటి దాటుకున్నాయి. చివరికి ముద్ర తొలగించుకున్నవాళ్ల పాలు రెండు భాషల్లో చదివిన పిల్లల్లోనే ఎక్కువ.

ఆ ముద్ర ఆరో తరగతి తర్వాత కూడా ఉండిపోతే ఏమవుతుందో అమెరికా మిడిల్ స్కూల్ టైమ్‌టేబుల్ చూస్తే అర్థమవుతుంది. ప్రాథమిక బడిలో ఒకే టీచరు, ఒకే గది. మిడిల్ స్కూల్లో ఆరో ఏడో పీరియడ్లు, పీరియడ్‌కో గది, గదికో టీచరు. ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు, సాంఘికశాస్త్రం, వ్యాయామం పోగా ఒకటో రెండో పీరియడ్లు మిగులుతాయి. వాటిని ఎలక్టివ్ అంటారు. బ్యాండ్, ఆర్కెస్ట్రా, చిత్రలేఖనం, నాటకం, కంప్యూటర్లు వగైరా. ఇంగ్లిష్ లెర్నర్ ముద్ర ఉన్న పిల్లకు ఇంగ్లిష్ నేర్పే ప్రత్యేక పీరియడ్ తప్పనిసరి. అది ఒక ఎలక్టివ్‌ను మింగేస్తుంది. డ్యూయల్ లాంగ్వేజ్‌లో కొనసాగాలంటే స్పానిష్ భాషా పీరియడ్ ఉండాలి. అది రెండోదాన్ని మింగుతుంది. పన్నెండేళ్ల పిల్ల ముందు ట్రంపెట్, స్పానిష్ రెండూ పెట్టి ఒకటి తీసుకోమంటే ఏది తీసుకుంటుంది? స్నేహితురాలు బ్యాండ్‌లో చేరితే ఆ ప్రశ్న కూడా ఉండదు. కొన్ని బడులు మొదటి గంట కొట్టకముందే ఒక ‘జీరో పీరియడ్’ పెట్టి ఈ తగువు తప్పించుకుంటాయి. అంత పొద్దున్నే పిల్లలను దింపగలిగే తల్లిదండ్రులు ఎవరో, షిఫ్టు పనికి పోయేవాళ్లు ఎవరో మళ్లీ అదే తగువు.

టీచర్ల కొరత రెండో చిక్కు. ప్రాథమిక బడిలో స్పానిష్ బాగా వచ్చిన ఒక్క టీచరు అన్ని పాఠాలూ చెప్పేస్తుంది. మిడిల్ స్కూల్లో సైన్సు చెప్పాలంటే సైన్సు అర్హత, దానిపైన ద్విభాషా అర్హత రెండూ కావాలి. ఇంట్లో స్పానిష్ మాట్లాడుతూ పెరిగి, అమెరికాలోనే కాలేజీ చదివిన సైన్సు టీచరుకు కూడా అయనీకరణం గురించి స్పానిష్‌లో మాట్లాడటం అలవాటు ఉండదు, ఆమె చదువంతా ఇంగ్లిష్‌లోనే సాగింది కనుక. జిల్లాలు స్పెయిన్ ప్రభుత్వంతో ఒప్పందం కింద అక్కడి టీచర్లను కొన్నేళ్ల వీసా మీద తెప్పించుకుంటాయి. వాళ్లు కుదురుకునే వేళకు వీసా అయిపోతుంది.

మూడోది నిశ్శబ్దంగా జరిగే తరుగుదల. ఇంగ్లిష్ ఇంటి పిల్లలను ఒకటో తరగతి తర్వాత డ్యూయల్ లాంగ్వేజ్‌లో చేర్చుకోవడానికి చాలా బడులు ఒప్పుకోవు, స్పానిష్ రాకుండా మధ్యలో వచ్చి మూడో తరగతి సైన్సు వినలేరు కాబట్టి. ఇల్లు మారినవాళ్లు, మనసు మారినవాళ్లు మాత్రం ఏటా వెళ్లిపోతూనే ఉంటారు. వెళ్లేవాళ్లే గానీ వచ్చేవాళ్లు లేని తరగతి ఆరో తరగతికి వచ్చేసరికి సగమవుతుంది. ఒక సెక్షన్ కూడా నిండని పిల్లల కోసం టీచరును పెట్టడం ప్రిన్సిపల్‌కు కష్టం. అలా స్పానిష్‌లో నడిచిన నాలుగు పాఠాలు ఒకటో రెండో అవుతాయి.

ఇవన్నీ పెద్దవాళ్లు పరిష్కరించగల చిక్కులు. పిల్లల వైపు నుంచి ఇంకో చిక్కు వస్తుంది, నాకు మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది అదే. పదకొండు, పన్నెండేళ్లు వచ్చాక పిల్లలు తరగతిలో స్పానిష్ మాట్లాడటం మానేస్తారు. రాక కాదు. టీచరు అడిగితే చక్కని స్పానిష్‌లో జవాబు చెప్పి, పక్కకు తిరిగి స్నేహితుడితో ఇంగ్లిష్‌లో గుసగుసలాడతారు. చికాగోలోని ఒక ద్విభాషా బడిలో కిమ్ పొటోవ్‌స్కీ ఐదో తరగతి పిల్లల మాటలు రికార్డు చేసి లెక్కపెడితే, టీచరుతో ఎక్కువగా స్పానిష్, తోటివాళ్లతో ఎక్కువగా ఇంగ్లిష్ తేలింది. ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు కూడా ఇందుకు మినహాయింపు కాదు.

1995లో ఎలెయిన్ టరోన్, మెరిల్ స్వేన్ దీనికి చెప్పిన వివరణ నాకు సబబుగా తోస్తుంది. బడి ఆ పిల్లలకు నేర్పింది చదువుల భాష. కారణాలు చెప్పడం, ప్రయోగం వర్ణించడం, సారాంశం రాయడం వాళ్లకు వచ్చు. ఒకణ్ణి ఆటపట్టించడం, అలగడం, గొప్పలు పోవడం, ఎదుటివాడి మాటను గాల్లోనే పట్టుకొని తిప్పికొట్టడం ఆ భాషలో ఎవరూ నేర్పలేదు. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ అవసరం తక్కువ. పన్నెండేళ్ల పిల్లకు బతుకంతా అదే. స్పానిష్‌లో ఆమె ఎప్పుడూ బుద్ధిమంతురాలైన విద్యార్థిని మాత్రమే, ఇంగ్లిష్‌లో ఆమె మనిషి. ఏ భాషలో మాట్లాడుతుంది మరి? మిడిల్ స్కూల్ టీచర్లు ‘స్పానిష్‌లో మాట్లాడండి’ అని రోజుకు పదిసార్లు గుర్తుచేసినా ఫలితం లేకపోవడానికి మూలం క్రమశిక్షణలో లేదు.

కమిన్స్ లెక్కను తిరగేసి చూస్తే ఇది ఇంకా వింతగా ఉంటుంది. వలస పిల్లవాడికి ఇంగ్లిష్ కబుర్లు ముందు వచ్చి చదువు తర్వాత వస్తుంది. ఇంగ్లిష్ ఇంటి పిల్లవాడికి స్పానిష్ చదువు ముందు వచ్చి కబుర్లు ఎప్పటికీ రాకపోవచ్చు.

దీనికి బయటినుంచి ఒక ఔషధం అప్పుడప్పుడు నడిచి వస్తుంది. గ్వాటెమాలా, హోండురాస్, వెనిజువెలా నుంచి పన్నెండు పదమూడేళ్ల వయసులో కొత్తగా వచ్చే పిల్లలు. మామూలు మిడిల్ స్కూల్లో వాళ్లు నెలల తరబడి మూగవాళ్లలా కూర్చుంటారు. డ్యూయల్ లాంగ్వేజ్ సైన్సు తరగతిలో మొదటి వారంలోనే చెయ్యెత్తగలరు. వాళ్లతో పేచీ పెట్టుకోవాలన్నా, ఫుట్‌బాల్ ఆడాలన్నా స్పానిష్ తప్ప దారి లేదు కాబట్టి తరగతిలో స్పానిష్‌కు మళ్లీ ప్రాణం వస్తుంది. అయితే కొత్తవాళ్లందరికీ స్పానిష్ ఇంటిభాష అనుకోవడం పొరపాటు. గ్వాటెమాలా కొండల నుంచి కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌కు వచ్చే పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది మామ్ అనే మాయా భాష. వాళ్లకు స్పానిష్ కూడా రెండో భాషే, ఇంగ్లిష్ మూడోది.

ఇందాక వాయిదా వేసిన మెలిక ఇప్పుడు. 1997లో స్టాన్‌ఫోర్డ్ ఆచార్యురాలు గ్వాదలూపే వాల్దెస్ డ్యూయల్ లాంగ్వేజ్ పథకాల మీద ఒక హెచ్చరిక వ్యాసం రాశారు. ఆమె ఈ పథకాలకు వ్యతిరేకి కాదు. ఆమె అడిగిందల్లా, ఒకే తరగతిలో ఇద్దరు పిల్లలు చెరొక భాష నేర్చుకుంటుంటే ఇద్దరికీ దక్కేది సమానమేనా అని. ఇంగ్లిష్ ఇంటి పిల్ల స్పానిష్‌లో నాలుగు వాక్యాలు చెబితే చప్పట్లు పడతాయి. స్పానిష్ ఇంటి పిల్ల ఇంగ్లిష్‌లో నలభై వాక్యాలు చెబితే అది ఎలాగూ రావాల్సిందే అన్నట్టు ఊరుకుంటారు. మొదటి పిల్లకు అర్థం కావాలని టీచరు స్పానిష్‌ను నెమ్మదిగా, తేలిగ్గా మాట్లాడితే, రెండో పిల్లకు తన భాషలో ఎదగాల్సినంత ఎత్తు దొరకదు. వాల్దెస్ హెచ్చరించి ఎన్నో ఏళ్లు గడిచాక కూడా, ఖరీదైన పేటల్లో స్పానిష్ సీట్ల కోసం జరిగే పోటీ చూస్తే ఆ మాటలు పాతబడలేదనిపిస్తుంది. మిడిల్ స్కూల్లో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఇంగ్లిష్ ఇంటి పిల్లల స్పానిష్‌ను ‘ఆనర్స్’ పాఠంగా రికార్డులో చూపించి, స్పానిష్ ఇంటి పిల్లలను ఇంగ్లిష్ దిద్దుబాటు తరగతిలో కూర్చోబెట్టే టైమ్‌టేబుల్ తయారుచేయడం చాలా సులువు.

డాలస్ శివార్లలోనో బే ఏరియాలోనో ఉన్న తెలుగు కుటుంబాలు పిల్లలను స్పానిష్ డ్యూయల్ లాంగ్వేజ్‌లో చేర్చడం ఇప్పుడు అరుదేమీ కాదు. వారాంతంలో తెలుగు తరగతి, వారమంతా స్పానిష్, ఇంగ్లిష్. మూడు భాషలు పిల్లవాడి బుర్రకు బరువవుతాయేమోనని అమ్మమ్మలు భయపడతారు. భయపడాల్సినంత బరువు లేదు. అలాగే, రెండు భాషలు వస్తే మెదడు పదునెక్కుతుందన్న ప్రచారాన్ని నమ్మి చేర్పించాల్సిన పనీ లేదు. ఏకాగ్రత, మనసును అదుపులో పెట్టుకోవడం వంటి శక్తులు ద్విభాషా పిల్లల్లో మెరుగని ఎలెన్ బియాలిస్టాక్ వంటివారు చూపిన ఫలితాలకు పత్రికల్లో గొప్ప ఆదరణ దొరికింది. కానీ 2019లో తొమ్మిది, పదేళ్ల వయసున్న 4,524 మంది అమెరికా పిల్లల మీద జరిగిన పెద్ద పరిశీలనలో ఆ మెరుగు కనపడలేదు. రెండు భాషలు రావడమే పెద్ద లాభం. దానికి మెదడు బోనస్ జత చేయనక్కర్లేదు.

వయసు దాటిపోతుందన్న భయం కూడా కొంత సడలించుకోవచ్చు. యవ్వనం రాగానే భాష నేర్చుకునే తలుపు మూసుకుంటుందని 1967లో ఎరిక్ లెనెబర్గ్ ప్రతిపాదించాడు. జాషువా హార్ట్‌షోర్న్, జాషువా టెనెన్‌బామ్, స్టీవెన్ పింకర్ కలిసి ఇంటర్నెట్‌లో పెట్టిన వ్యాకరణ పరీక్షను ఆరున్నర లక్షల మందికి పైగా రాశారు. 2018లో ప్రకటించిన ఆ ఫలితాల ప్రకారం వ్యాకరణం పట్టుకునే శక్తి సుమారు పదిహేడేళ్ల వరకు పెద్దగా తగ్గదు. పుట్టుభాషలా రావాలంటే మాత్రం పది, పన్నెండేళ్లలోపు మొదలుపెట్టి ఉండాలి, ఎందుకంటే ఆ స్థాయికి చేరడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఈ లెక్కన మిడిల్ స్కూల్ మూడేళ్లూ నేర్చుకునే శక్తి నిండుగా ఉన్న ఏళ్లే. ఒకటో తరగతిలో మొదలుపెట్టినవాణ్ణి ఐదులో ఆపేయడం ఏ లెక్క ప్రకారమూ అర్థం కాదు.

మన రాష్ట్రాల్లో కూడా ద్విభాషా అన్న మాట ఈమధ్య వినపడుతోంది. ప్రభుత్వ బడులు ఇంగ్లిష్ మీడియంలోకి మారినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ, తర్వాత తెలంగాణలోనూ ఒక పేజీలో ఇంగ్లిష్, పక్క పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అమెరికా డ్యూయల్ లాంగ్వేజ్‌తో వీటిని పోల్చకూడదు. అక్కడ తొలి సూత్రమే రెండు భాషలనూ విడివిడిగా ఉంచడం. ఒకే వాక్యాన్ని రెండు భాషల్లో వెంటవెంటనే చెబితే పిల్లలు తమకు రాని భాష నడుస్తున్నంతసేపు చెవులు మూసుకుని, వచ్చిన భాష కోసం ఎదురుచూస్తారని లిలీ వాంగ్ ఫిల్‌మోర్ 1980ల్లో తరగతులు పరిశీలించి చెప్పింది. పక్క పేజీ పుస్తకానికి కూడా అదే ప్రమాదం ఉంది. అయితే ఈ వేర్పాటు సూత్రాన్ని కూడా ఇప్పుడు కొందరు సడలిస్తున్నారు. వేల్స్ దేశంలో సెన్ విలియమ్స్ 1994లో, తర్వాత న్యూయార్క్‌లో ఒఫీలియా గార్సియా చెప్పిన పద్ధతిలో పిల్లలు ఒక భాషలో చదివి ఇంకో భాషలో చర్చించుకోవచ్చు, రాయవచ్చు. ఆరో తరగతి పిల్లలు స్పానిష్ పాఠం గురించి ఇంగ్లిష్‌లో ఎలాగూ మాట్లాడుకుంటారు కదా, ఆ మాటలను దొంగతనంగా చూడటం మాని పాఠంలో భాగం చేయండి అన్నది వాళ్ల సలహా. చెడ్డ సలహా కాదు గానీ, చుట్టూ ఇంగ్లిష్ సముద్రం ఉన్నచోట స్పానిష్‌కు దొరికిన కాస్త నేలను అది ఇంకా తగ్గించదా అన్న అనుమానం నాకుంది.

ఐదుకూ ఆరుకూ మధ్య ఉన్న ఆ గీతను దాటించడానికి గట్టిగా ప్రయత్నించిన రాష్ట్రం యూటా. 2008లో అక్కడి శాసనసభ చట్టం చేసి, ఒక్కో బడి ఇష్టానికి వదలకుండా రాష్ట్రమంతటికీ ఒకే నమూనా పెట్టింది. ఇద్దరు టీచర్లు, చెరి సగం రోజు. మిడిల్ స్కూల్లో కూడా ఆ భాషలో పాఠాలు కొనసాగించి, తొమ్మిదో తరగతిలో పిల్లల చేత అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) పరీక్ష రాయిస్తారు. మామూలుగా పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు రాసే కాలేజీ స్థాయి పరీక్ష అది. పాసైనవాళ్లకు ఆ తర్వాత హైస్కూల్లోనే విశ్వవిద్యాలయ పాఠాలు. ఏడో తరగతి పిల్లకు ట్రంపెట్ వదులుకున్నందుకు ఫలితం రెండేళ్ల దూరంలో కనపడుతూ ఉంటుంది. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది ఇంగ్లిష్ ఇంటివాళ్లే అన్నది మాత్రం వాల్దెస్ ప్రశ్నను తిరిగి లేపుతుంది.

మిడిల్ స్కూల్లో ఒక్క పాఠమే స్పానిష్‌లో మిగిలితే, చాలా బడులు దాన్ని సాంఘికశాస్త్రానికి ఇస్తాయి. అందులో రాష్ట్ర పరీక్ష బెడద తక్కువ, టీచరు దొరకడం తేలిక. నన్నడిగితే ఆ ఒక్క పాఠం సైన్సుకు ఇవ్వాలి. లాటిన్ మాటల వరం ఎక్కువగా పనికొచ్చేది అక్కడే. ప్రయోగశాలలో ఇద్దరిద్దరుగా నిలబడి, నీళ్లు ఒలకబోసుకుని, తప్పు ఎవరిదో తేల్చుకునే చోట చదువుల భాషా కబుర్ల భాషా రెండూ అవసరమవుతాయి. దానికి కావలసింది స్పానిష్‌లో సైన్సు చెప్పగల టీచరు. అలాంటి టీచరు ఈ రోజు ఏడో తరగతిలో, ఆర్కెస్ట్రాకు పోవాలా స్పానిష్‌లో ఉండాలా అని ఫారం నింపుతూ ఉండొచ్చు.